బావ మాస్కుల ఫ్యాక్టరీ: గ్రాస్ 40 శాతం అంటున్నాడు, డబ్బు పెట్టొచ్చా?

హోరమావు_బ్యాచిలర్
బెంగళూరు తెలుగువాళ్ళందరికీ నమస్కారం. మా బావ (అక్క భర్త) పీణ్యాలో షెడ్డు అద్దెకు తీసుకుని మాస్కులు తయారుచేస్తున్నాడు. 3 ప్లై (మూడు పొరల మామూలు సర్జికల్ మాస్కు), ఎన్95 రెండూ. 2020లో మొదలుపెట్టాడు, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఇప్పుడు నన్ను 10 లక్షలు పెట్టమంటున్నాడు. "ఏడాదికి 1.26 కోట్ల అమ్మకం, గ్రాస్ 40 శాతం, ఇంకేం కావాలిరా" అంటాడు. 40 శాతమంటే ఏడాదికి 50 లక్షలు మిగులుతున్నట్టే కదా, మరి నా 10 లక్షలతో పనేముంది? అడిగితే నీకు బిజినెస్ తెలీదంటాడు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, ఆయన మాట కాదనలేను.

ఇంకో డౌటు. ఈ రోజుల్లో మాస్కులు ఎవరు పెట్టుకుంటున్నారసలు? మా ఆఫీసులో ఒక్కరూ కనబడరు.

సిల్క్‌బోర్డ్_సిద్ధాంతి
బావకి డబ్బిచ్చి, ఆ తర్వాత అక్కయ్యతో మాటలుండాలంటే చాలా గట్టి గుండె కావాలి బ్రో.

మాస్కుల సంగతంటావా, అప్పట్లో మనం పెట్టుకున్నది వైరస్‌కి భయపడి కాదు, మార్షల్‌కి (ఫైన్ వేసే కార్పొరేషన్ మనిషికి) భయపడి. 2020 అక్టోబరులో బెంగళూరులో ఫైన్ 1000 చేశారు, జనం గగ్గోలు పెడితే వారం తిరక్కుండా 250కి దించారు. ఆ మార్షల్స్‌తో పాటే మాస్కులూ పోయాయి. డబ్బు పెట్టకు.

లెక్కలక్క
తమ్ముడూ, ఆ 1.26 అంకె చూస్తేనే నాకు అనుమానంగా ఉంది. 1.20 కోట్లకి 5 శాతం జీఎస్‌టీ కలిపితే సరిగ్గా 1.26 అవుతుంది. మాస్కుల మీద జీఎస్‌టీ 5 శాతమే. అంటే మీ బావగారు బిల్లుల మొత్తం చెబుతున్నారన్నమాట. ఆ 6 లక్షలు ప్రభుత్వానికి కట్టాల్సినవి, ఆయన చేతిలో కాసేపు ఆగుతాయంతే. అమ్మకం కింద రాసుకోకూడదు.

గ్రాస్ అంటే స్థూల లాభం. సరుకు అమ్మిన డబ్బులోంచి ఆ సరుకు తయారీకి నేరుగా అయిన ఖర్చు తీసేస్తే మిగిలేది. షెడ్డు అద్దె, ఆఫీసులో కూర్చునే మనిషి జీతం, బ్యాంకు వడ్డీ, మెషీన్ తరుగుదల, ఇన్‌కమ్ ట్యాక్స్, ఇలాంటివి చాలామంది అందులో తీసెయ్యరు. అన్నీ తీశాక మిగిలేది నికర లాభం. నువ్వు వాటా తీసుకుంటే నీ వాటా ఆ రెండో దాంట్లోనే.

ట్యాలీలోంచి (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ట్రేడింగ్, ప్రాఫిట్ అండ్ లాస్, అంటే లాభనష్టాల లెక్క, ప్రింట్ తీసి ఇమ్మను. అది చూడకుండా 40 మంచిదో చెడ్డదో ఎవరూ చెప్పలేరు.

వయ్యారిభామ_బాధితుడు
సిద్ధాంతి గారూ, మార్షల్స్‌తో పాటు పోలేదండీ, నేనింకా పెట్టుకునే తిరుగుతున్నాను. నా పేరు చూశారుగా. కాంగ్రెస్ గడ్డి అంటారే, మన ఊళ్ళల్లో వయ్యారిభామ, తెల్లటి చిన్న పూలు. ఈ ఊళ్ళో ఖాళీ సైట్ కనబడితే చాలు మొలుస్తుంది. వానలు పడి అది పూతకొచ్చిందంటే నాకు తుమ్ములు, ముక్కు కారడం, రాత్రి పిల్లికూతలు. పదేళ్ళు కర్నూల్లో ఉన్నప్పుడు లేని జబ్బు ఇక్కడికొచ్చాక పట్టుకుంది.

పుప్పొడికి ఎన్95 అక్కర్లేదు. పుప్పొడి రేణువు పెద్దది, మామూలు 3 ప్లై కూడా చాలావరకు ఆపేస్తుంది. జపాన్‌లో సుగి అనే చెట్ల పుప్పొడి రోజుల్లో చాలామంది మాస్కుల్లోనే ఉంటారు, కోవిడ్‌కి చాలా ముందునుంచీ.

అనంతపురం_అమ్మాయి
నేను ఒక ఆసుపత్రిలో నర్సుని. పేరు వద్దులెండి. మాస్కు ఎందుకు అన్నదానికి జవాబు ఒకటి కాదు. ఆపరేషన్ థియేటర్లో డాక్టరు మాస్కు పెట్టుకునేది తనకోసం కాదు, తన నోటి తుంపర్లు పేషెంటు గాయంలో పడకూడదని. టీబీ ఉన్నవాళ్ళకి మామూలు సర్జికల్ మాస్కు ఇస్తాం, దగ్గినప్పుడు బయటకు చిమ్మేది తగ్గడానికి. అదే వార్డులో మేం ఎన్95 వేసుకుంటాం, గాల్లో తేలేది మా లోపలికి రాకుండా. కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్ళు, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు, వీళ్ళకి మామూలు జలుబు కూడా ప్రమాదమే కాబట్టి వాళ్ళూ పెట్టుకుంటారు.

ఎన్95లో 95 అంటే 0.3 మైక్రాన్ సైజు కణాల్లో కనీసం 95 శాతం ఆపుతుందని. అది గుడ్డకి చేసే పరీక్ష. ముఖానికి అతుక్కోకపోతే ఆ 95కి అర్థం లేదు. కళ్ళద్దాల మీద ఆవిరి పడుతోందా, ముక్కు దగ్గర గాలి కారుతోందన్నమాట. ఆ అల్యూమినియం పట్టీని ఒక వేలితో నొక్కితే మధ్యలో గుంటపడి రెండు పక్కలా సందు మిగులుతుంది. రెండు చేతుల వేళ్ళతో నడిమి నుంచి చివరలకు దిద్దాలి. గడ్డం ఉన్నవాళ్ళకి ఎంత దిద్దినా అంతంతే.

సిల్క్‌బోర్డ్_సిద్ధాంతి
నాకు గడ్డం ఉంది. ఇక ఈ థ్రెడ్‌లో నాకు పని లేనట్టే.

సేఫ్టీ_జిగణి
ఉంది, ఆగు. హోరమావు బ్రదర్, ఆఫీసులో కూర్చుని చూస్తే మాస్కులు కనబడవు. మా జిగణి రండి. గ్రానైట్ కోసే, పాలిష్ చేసే యూనిట్లు వరుసగా ఉంటాయి. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి కనబడే దుమ్ము ముక్కులోనే ఆగిపోతుంది, కనబడనిదే ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి మచ్చ కడుతుంది. సిలికోసిస్ వస్తే వెనక్కి తగ్గించే మందు లేదు. అందుకని మొదట నీళ్ళు కొడుతూ కోయిస్తాం, తర్వాత గాలి పీల్చే ఫ్యాన్లు, ఆఖర్న మాస్కు. చాలామంది ఓనర్లు ఆ ఆఖరిదానితోనే మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు, అది వేరే గొడవ.

మాలాంటి చోట మాస్కు పండగలకి కొనేది కాదు, ప్రతినెలా ఇండెంట్ పెట్టాల్సిందే. కానీ మేం చూసేది ఐఎస్ 9473 మార్కు (ఇలాంటి మాస్కులకి భారత ప్రమాణాల సంస్థ మార్కు) ఉందా లేదా. మీ బావగారి ఎన్95కి ఆ లైసెన్సు ఉందా? ఉంటే ఆయనకి ఈ నగరం చుట్టూ కస్టమర్లున్నారు. లేకపోతే ఆయన పోటీ పడాల్సింది ఫుట్‌పాత్ మీద అమ్మేవాళ్ళతో.

ఇంకో మాట. పెయింట్ బూత్‌లో ఎన్95 వేసుకుని నిలబడేవాళ్ళని చూస్తుంటాను. థిన్నర్ ఆవిరి వాయువు, కణం కాదు. నేరుగా లోపలికి పోతుంది. దానికి కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. మూతికి ఏదో ఒకటి కట్టుకున్నాం కదా అనే ధైర్యం అసలు కట్టుకోకపోవడం కంటే చెడ్డది.

వయ్యారిభామ_బాధితుడు
వాల్వ్ ఉన్నవి మంచివా అన్నా? ఊపిరి తేలిగ్గా ఆడుతుందంటారు.

సేఫ్టీ_జిగణి
దుమ్ముకి మంచివే. లోపలికి పీల్చేది వడకడుతుంది, వదిలేది వాల్వ్ గుండా నేరుగా పోతుంది. అందుకే జబ్బున్నవాడు పెట్టుకుంటే పక్కవాడికి అంత రక్షణ ఉండదు. 2020 జూలైలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ రాష్ట్రాలకి రాసింది కూడా ఇదే, కోవిడ్‌కి వాల్వ్ మాస్కులు వద్దని.

పుస్తకాల_పురుగు_బసవనగుడి
సందర్భం వచ్చింది కాబట్టి. 1910-11 చలికాలంలో మంచూరియాలో న్యుమోనిక్ ప్లేగు (ఊపిరితిత్తులకి వచ్చే ప్లేగు) వచ్చినప్పుడు వూ లియెన్-తే అనే డాక్టరు, ఇది గాలి ద్వారా పాకుతోంది, అందరూ దూది పొర పెట్టిన గుడ్డ మాస్కు కట్టుకోండి అన్నాడు. మెస్నీ అనే ఫ్రెంచి డాక్టరు ఈ కుర్రాడు నాకు చెప్పేదేంటని మాస్కు లేకుండానే రోగుల్ని చూశాడు. కొద్దిరోజుల్లోనే అదే ప్లేగుతో పోయాడు.

మన చిక్‌పేటలో నోటికి తెల్లగుడ్డ కట్టుకుని నడిచివెళ్ళే జైన సాధువుల్ని చూసే ఉంటారు. వాళ్ళ కారణం మరోటి. తమ నోటిగాలికి సూక్ష్మజీవులు చనిపోకూడదని. ఇక స్కూటీ మీద చున్నీ మొహమంతా చుట్టుకునే అమ్మాయిల కారణాలు మనకెందుకు.

అనంతపురం_అమ్మాయి
ఎండ, దుమ్ము, తెలిసినవాళ్ళ చూపు. మూడూ కారణాలే. అందులో మూడోది ముఖ్యం 😀

అడ్మిన్
చర్చ బాగుంది కానీ అడిగిన లెక్క పక్కకి పోతోంది. హోరమావు గారూ, ప్రింట్ దొరికిందా?

హోరమావు_బ్యాచిలర్
దొరికింది. బావ ఇవ్వలేదు, అక్క వాట్సాప్‌లో ఫొటో పెట్టింది. బావ పర్మిషన్‌తోనే పెడుతున్నాను, కంపెనీ పేరు తీసేశాను. అన్నీ లక్షల్లో.

అమ్మకాలు 120 (లెక్కలక్క చెప్పింది కరెక్టే, జీఎస్‌టీ లేకుండా).
ఓపెనింగ్ స్టాక్ (ఏడాది మొదట ఉన్న సరుకు) 14, కొన్న మెటీరియల్ 62, క్లోజింగ్ స్టాక్ (ఏడాది చివర మిగిలింది) 22.
మెషీన్ మీద పనిచేసేవాళ్ళ కూలి 13, కరెంటు 3, సరుకు తెచ్చుకునే లారీ కిరాయి 2.
గ్రాస్ ప్రాఫిట్ 48.
షెడ్డు అద్దె 9.6, ఆఫీసు స్టాఫ్ 8.4, కమీషన్లు, బయటకు పంపే రవాణా 7.5, వడ్డీ 5.5, తరుగుదల 6, టెస్టింగ్, రిపేర్లు, ఆడిటర్ వగైరా 3.
ట్యాక్స్‌కి ముందు 8. ట్యాక్స్ 2. నెట్ 6.

48 ఎక్కడ, 6 ఎక్కడ. రాత్రి నిద్ర పట్టలేదు.

లెక్కలక్క
నిద్రపో, ఇందులో దొంగలెక్క ఏమీ లేదు. 14కి 62 కలిపి 22 తీసేస్తే వాడిన మెటీరియల్ 54. దానికి కూలి, కరెంటు, కిరాయి 18. మొత్తం 72. 120లోంచి 72 పోతే 48. బావగారు చెప్పిన 40 శాతం నిజమే. 48లోంచి ఆఫీసు, అద్దె, వడ్డీ అన్నీ కలిపి 40 పోయాయి. మిగిలిన 8కి కంపెనీల 25.17 శాతం పన్ను పడితే 2. నెట్ 6, అంటే అమ్మకంలో 5 శాతం. రెండూ ఒకే కంపెనీ గురించి చెప్పిన నిజాలే. 40 మాస్కు గురించి చెబుతుంది, 5 కంపెనీ గురించి.

నేను ఆగిపోయింది మాత్రం క్లోజింగ్ స్టాక్ దగ్గర. ఏడాదిలో 14 నుంచి 22కి ఎందుకు పెరిగింది? ఆ 22లో ఏమున్నాయో కనుక్కో. క్లోజింగ్ స్టాక్ ఎంత ఎక్కువ చూపిస్తే గ్రాస్ అంత ఎక్కువ కనబడుతుంది. గోడౌన్‌లో అమ్ముడుపోని డబ్బాలు కూడా లాభాన్ని పెంచేస్తాయి. అకౌంటింగ్ స్టాండర్డ్ 2 ప్రకారం స్టాక్‌ని దానికి అయిన ఖర్చు, అమ్మితే చేతికొచ్చే ధర, ఈ రెండింట్లో ఏది తక్కువైతే దాని దగ్గర చూపించాలి.

ఇంకోటి. జీతాల్లో డైరెక్టర్ జీతం అని లేదు. బావగారు జీతం తీసుకుంటున్నారా?

హోరమావు_బ్యాచిలర్
తీసుకోవట్లేదట. ఇల్లు అక్క జీతంతో నడుస్తోంది.

స్టాక్ గురించి నేనే పీణ్యా వెళ్ళి చూశాను. వెనక గదిలో సీలింగ్ దాకా ఎన్95 డబ్బాలు, పాతవి. ఒకటి విప్పి మాస్కు తీసి చెవికి తగిలించబోతే ఎలాస్టిక్ సాగి అలాగే ఉండిపోయింది, వెనక్కి రాలేదు. ఇంకోదానికి అతుకు దగ్గరే ఊడొచ్చింది. పుస్తకాల్లో అవి 10 లక్షలు.

మందులషాపు_కేఆర్‌పురం
ఆ డబ్బాలు నా దగ్గరికి తెస్తే నేను ఉచితంగా కూడా తీసుకోను తమ్ముడూ. డబ్బా మీద ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది, కస్టమర్ ఇప్పుడు అది చూస్తున్నాడు. పైగా ఎన్95 పనిచేసేది మధ్యలో ఉండే మెల్ట్‌బ్లోన్ (సన్నటి ప్లాస్టిక్ పోగుల) పొరకి ఎక్కించిన స్టాటిక్ కరెంటు మీద. వేడి, తేమ తగిలే గదిలో ఏళ్ళతరబడి ఉంటే ఏం మిగిలి ఉంటుందో టెస్ట్ చేయించకుండా చెప్పలేం. సబ్బుతో ఉతికితే, స్పిరిట్ చల్లితే ఆ చార్జి పోతుంది. ఉతుక్కుని వాడేవాళ్ళు నా కస్టమర్లలో ఇంకా ఉన్నారు, చెప్పి చెప్పి నోరు నొప్పి.

3 ప్లై సంగతి కూడా చెబుతా. 2020 మార్చిలో కేంద్రం ఒక్కో 3 ప్లైకి 10 రూపాయలు దాటకూడదని సీలింగ్ పెట్టింది, అప్పుడు ఆ 10కి కూడా దొరకలేదు. ఇప్పుడు 50 ఉన్న డబ్బా మొత్తం వందా నూట యాభైకి ఇస్తున్నారు. బావగారు 40 శాతం గ్రాస్ నిలబెట్టుకున్నారంటే మెషీన్ బాగా నడుపుతున్నారనే. కాకపోతే మా షాపులు 60, 90 రోజుల అప్పు అడుగుతాయి. అది కూడా చూడు.

లెక్కలక్క
సరే, ఇప్పుడు లెక్క మళ్ళీ వేద్దాం. ఆ 10 లక్షల పాత సరుకు కష్టపడి అమ్మితే 3 వస్తాయనుకో. (ఆసుపత్రులకి కాదు, చిత్తుకో, చీపురు పనులకో.) 7 తగ్గించి రాయాలి. గ్రాస్ 48 కాస్తా 41, అంటే 34 శాతం చిల్లర. ట్యాక్స్‌కి ముందు 8 కాస్తా 1. బావగారికి నెలకి 50 వేలు జీతం వేస్తే ఏడాదికి 6 లక్షలు, అప్పుడు 5 లక్షల నష్టం. ఆయన ఏ కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేరినా ఆ 50 వేలు వచ్చేవే కదా.

డబ్బు ఎందుకు అడుగుతున్నారో కూడా ఇక్కడే తెలుస్తోంది. బ్యాంకు లోన్‌లో అసలు (వడ్డీ కాకుండా) ఏడాదికి ఎంత కడుతున్నారు?

హోరమావు_బ్యాచిలర్
9 లక్షలు.

లెక్కలక్క
అసలు కట్టేది ప్రాఫిట్ అండ్ లాస్‌లో ఎక్కడా కనబడదు, వడ్డీ ఒక్కటే కనబడుతుంది. నెట్ 6, తరుగుదల 6 చేతిలోంచి పోయిన డబ్బు కాదు కాబట్టి దాన్ని తిరిగి కలిపితే 12. బ్యాంకుకి 9 పోయింది, మిగిలింది 3. స్టాక్ 8 పెరిగింది, అంటే 8 లక్షల డబ్బు డబ్బాలై కూర్చుంది. లాభం 6 లక్షలని పేపర్ మీద ఉంది, బ్యాంకులో 5 లక్షలు లోటు. మందులషాపు అన్నగారి 90 రోజుల అప్పు ఇంకా ఇందులో కలపలేదు. నీ 10 లక్షలు వెళ్ళేది కొత్త మెషీన్‌కి కాదు తమ్ముడూ, ఈ గొయ్యిలోకి.

షేర్లబాబు
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను లిస్టెడ్ కంపెనీల రిజల్ట్స్ చూస్తుంటాను, వాటిల్లో గ్రాస్ ప్రాఫిట్ అనే లైనే ఉండదేంటి? వెబ్‌సైట్లలో మాత్రం గ్రాస్ మార్జిన్ అని చూపిస్తారు, ఒక్కో దాంట్లో ఒక్కోలా.

లెక్కలక్క
మంచి ప్రశ్న. కంపెనీల చట్టం 2013 షెడ్యూల్ 3 ఫార్మాట్‌లో ఖర్చులు వాటి రకాన్ని బట్టి రాస్తారు. మెటీరియల్, స్టాక్ మార్పు, ఉద్యోగుల ఖర్చు, ఫైనాన్స్ ఖర్చు, తరుగుదల, ఇతర ఖర్చులు. ఫ్యాక్టరీ కూలీ, హెడ్డాఫీసు మేనేజర్ జీతం రెండూ ఒకే 'ఉద్యోగుల ఖర్చు'లో కలిసిపోతాయి. అందుకే బయటవాళ్ళు అమ్మకంలోంచి మెటీరియల్ ఒక్కటే తీసేసి దాన్నే గ్రాస్ అంటుంటారు. ఆ లెక్కన మన బావగారి గ్రాస్ 120లో 66, అంటే 55 శాతం! కాబట్టి ఎవరైనా గ్రాస్ ఇంత అంటే, ఏమేం తీసేశారు అని అడగందే ఇంకో కంపెనీతో పోల్చకండి.

సిల్క్‌బోర్డ్_సిద్ధాంతి
బావకి ఈ 55 సంగతి చెప్పకండి అక్కా, రేపటినుంచి అదే చెబుతాడు.

సేఫ్టీ_జిగణి
నేను కాస్త బావ తరఫున మాట్లాడతా. మెషీన్ ఉంది, పనివాళ్ళున్నారు, 40 కాకపోయినా 34 గ్రాస్ ఉంది. పోతున్నదంతా కింద, అద్దెలో, కమీషన్లలో, వడ్డీలో. షాపులు వదిలేసి ఫ్యాక్టరీలకి నేరుగా ఇస్తే ఆ 7.5 లక్షల్లో కమీషన్ భాగం తగ్గుతుంది. లైసెన్సు సంగతి తేలిందా?

హోరమావు_బ్యాచిలర్
ఉందట. రెన్యువల్ కూడా చేయించాడట. కానీ అమ్మకాల్లో మూడొంతులు 3 ప్లైయే, షాపులకే. ఫ్యాక్టరీలు పేమెంట్ లేటు చేస్తాయని భయం అంటాడు.

లెక్కలక్క
ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకి ప్రభుత్వ నమోదు) ఉందా అడుగు. సూక్ష్మ, చిన్న తయారీదార్లకి ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. 2023-24 నుంచి అలా కట్టకపోతే కొన్నవాళ్ళకి ఆ ఏడాది ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఆ ఖర్చు మినహాయింపు దొరకదు. మార్చి దగ్గరపడేసరికి పెద్ద కంపెనీల అకౌంట్స్ వాళ్ళే ఫోన్ చేసి బిల్లు అడుగుతున్నారు, నేను చూస్తున్నాను.

హోరమావు_బ్యాచిలర్
ఉద్యమ్ ఉంది. సేఫ్టీ అన్నా, బావ మీ నంబర్ అడుగుతున్నాడు, మెసేజ్ పెట్టాను. పాత డబ్బాలు ఈ మార్చి లెక్కల్లో తగ్గించి రాయడానికి కూడా ఒప్పుకున్నాడు, మొహం మాడ్చుకుని.

నేను షేర్లు తీసుకోను, 3 లక్షలు కంపెనీకి అప్పుగా ఇస్తానన్నాను. అది బెటరే కదా అక్కా?

లెక్కలక్క
బెటరే, కానీ మీ అక్క కూడా డైరెక్టర్ కాకపోతే నువ్వు నేరుగా ఇవ్వలేవు. ప్రైవేట్ కంపెనీ డైరెక్టర్ దగ్గర, డైరెక్టర్ బంధువు దగ్గర అప్పు తీసుకోవచ్చు. కాకపోతే కంపెనీల చట్టంలో బంధువుల జాబితా ఉంది. భార్య, అమ్మానాన్న, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. బామ్మర్ది లేడు. నీ డబ్బు డిపాజిట్ కిందకి వస్తుంది, దానికి వేరే తతంగం.

హోరమావు_బ్యాచిలర్
బామ్మర్ది బంధువు కాదా!! సరే, బావకి ఇచ్చి, బావ కంపెనీకి ఇస్తే?

లెక్కలక్క
ఇది అప్పు తెచ్చి ఇస్తున్న డబ్బు కాదు అని ఆయన రాసి సంతకం పెట్టాలి. నీ దగ్గర అప్పు తెచ్చి అలా ఎలా రాస్తారు? మీ అక్కకి ఇచ్చినా అదే పేచీ. అక్కకి గిఫ్టుగా ఇస్తే ఆవిడ ఇవ్వొచ్చు, తోడబుట్టినవాళ్ళ మధ్య గిఫ్టుకి పన్ను లేదు. తిరిగి అడగడానికి మాత్రం నీకు కాగితం ఉండదు.

హోరమావు_బ్యాచిలర్
గిఫ్టంటే అమ్మ వెంటనే ఒప్పుకుంటుంది, నేనే ఇంకా ఒప్పుకోలేదు. ఆదివారం బావ ఆడిటర్‌తో కూర్చుంటున్నాం, ఆ డిపాజిట్ తతంగం ఏంటో ఆయన్నే అడుగుతా.